కొరికిన రొట్టె దాచిపెట్టిన ఇల్లు

పరాయి దేశంలో ముక్కూ మొహం తెలియనివాళ్లు మిమ్మల్ని ఎప్పుడైనా ఇంట్లోకి పిలిచారా, అన్నం పెట్టారా, ఉంటే రాయండి అని పోయిన సంచికలో అడిగాను. బరంపురం నుంచి బల్లార్షా దాకా చాలామంది రాశారు. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా లేదా మరాఠీ మాట్లాడుకుని పెరిగినవాళ్లం కదా, మాట పూర్తిగా అర్థం కాకపోయినా ఎదుటి మనిషిని అర్థం చేసుకోవడం మనకి చిన్నప్పటి నుంచే అలవాటు. అన్నీ వేయడానికి చోటు లేదు, ఐదు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదీ చివరిదీ నన్ను రెండు రాత్రులు నిద్రపోనివ్వలేదు కాబట్టి వాటికి జవాబులు పొడుగయ్యాయి.

ప్రశ్న: అక్కా, మాది బరంపురం. నేనూ మావారూ ఇద్దరం రిటైరయ్యాం. కిందటేడు అక్టోబరులో ఉజ్బెకిస్తాన్ వెళ్లాం. బుఖారా పాత బస్తీ సందుల్లో నడుస్తుంటే మావారికి కళ్లు తిరిగి ఎవరిదో గుమ్మం ముందు కూలబడిపోయారు. ఆ ఇంటి ముసలామె, ఆవిడ మనవరాలు బయటికి వచ్చి ఇద్దరూ కలిసి లోపలికి తీసుకెళ్లి పడుకోబెట్టారు, డాక్టర్ని పిలిపించారు, బీపీ పడిపోయిందన్నారాయన. సాయంత్రం దాకా మమ్మల్ని కదలనివ్వలేదు. టీ, రొట్టె, ద్రాక్ష, కర్బూజా ముక్కలు, ఒకటి తర్వాత ఒకటి. డబ్బివ్వబోతే ముసలామె చెయ్యి గుండె మీద పెట్టుకుని తల అడ్డంగా ఊపింది. మావారికి మనసొప్పక టీ గిన్నె కింద కొన్ని నోట్లు పెట్టేశారు. మేం గుమ్మం దాటకముందే పిల్ల చూసి తెచ్చి తిరిగి ఇచ్చేసింది, పాపం మొహం చిన్నబోయింది. అప్పుడు ముసలామె లోపలికెళ్లి ఒక కొత్త రొట్టె తెచ్చి మావారిని కొరకమంది. ఒక్క ముక్క కొరికాక మిగతాది తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. కోపం వచ్చి రొట్టె కూడా వెనక్కి తీసేసుకుందని మావారు ఇప్పటికీ బాధపడుతున్నారు. మేం అంత తప్పు చేశామా? ఇప్పుడేం చెయ్యగలం?

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత, ముందు ఆ రొట్టె సంగతి మీవారికి ఈ రాత్రే చెప్పండి. ఉజ్బెక్ ఇళ్లల్లో కొడుకు సైన్యంలోకి వెళ్తున్నా, ఇంట్లోవాళ్లు ఎవరైనా దూరదేశం బయల్దేరినా, రొట్టె ఒకటి తెచ్చి ఒక్క ముక్క కొరికిస్తారు. మిగతాది గోడకి వేలాడదీసో, భద్రంగా మూటగట్టో ఉంచుతారు. వెళ్లిన మనిషి క్షేమంగా తిరిగొచ్చి ఆ రొట్టె పూర్తి చెయ్యాలి, అప్పటిదాకా అది అతనిదే, ఇంకెవరూ ముట్టుకోరు. మనం గుమ్మం దగ్గర 'వెళ్తున్నాను' అనకుండా 'వెళ్లొస్తాను' అంటాం చూడండి, ఆ మాటనే వాళ్లు రొట్టెతో చెప్తారు. అది కూడా నోట్లు తిరిగి ఇచ్చేశాక చేసింది ఆవిడ, ఆ వరస గమనించారా? కోపం ఉన్న మనిషి అలా చెయ్యదు. మీ డబ్బు పక్కన పెట్టేసి, మీవారిని కొడుకుల వరసలో చేర్చుకుంది. మీ ఉత్తరం చదివి నేను కాసేపు ఏమీ చెయ్యలేకపోయాను.

డబ్బు విషయం. తప్పు చేశారా అంటే, దురుద్దేశంతో చెయ్యలేదు, కానీ చెయ్యకుండా ఉంటే బాగుండేది. మీది బరంపురమే కాబట్టి ఇలా ఆలోచించండి. రెండేళ్లకోసారి ఠాకురాణి యాత్ర వస్తుంది, అమ్మవారు పుట్టింటికి వచ్చిన ఆ రోజుల్లో మన ఇళ్లల్లో కాలు పెట్టడానికి చోటుండదు, చుట్టాలతో పాటు చుట్టాల స్నేహితులూ వస్తారు, చాప వేసి పడుకోబెడతాం. వాళ్లలో ఒకరు భోంచేసి లేస్తూ విస్తరి కింద ఐదువందల నోటు పెట్టి వెళ్లిపోతే మీకెలా ఉంటుంది? ఆ పిల్ల మొహం చిన్నబోయింది అందుకే. అతిథి కన్నతండ్రి కన్నా గొప్పవాడని ఉజ్బెక్ సామెత ఉంది, వాళ్ల మాటలో అతిథిని 'మెహ్మాన్' అనే అంటారు, ఆ మాట మనకీ తెలిసిందే. తండ్రికి అన్నం పెట్టి బిల్లు తీసుకోరు కదా.

అయితే ఒక్క తేడా మాత్రం చూసుకోవాలి. ఆదరణకి డబ్బివ్వకూడదు గానీ, మన వల్ల వాళ్ల చేతి నుంచి ఖర్చయితే అది ఇచ్చి తీరాలి. ఆ డాక్టరుకి ఫీజు వాళ్లే ఇచ్చి ఉంటే, ఆ మాట అక్కడే పిల్లని అడిగి ఆ మొత్తం పట్టుబట్టి ఇచ్చి ఉండాల్సింది. మందులు, టాక్సీ, ఫోను బిల్లు, ఇవన్నీ అంతే. ఇంటి భోజనం, మంచం, టీ వాటిలోకి రావు. పల్లెల్లో, కొండప్రాంతాల్లో ఇంట్లో గది అద్దెకిచ్చి భోజనం పెట్టేవాళ్లు ఉంటారు, వాళ్లకి అదే జీవనం, అక్కడ మాత్రం మొహమాటపడి ఇవ్వకుండా రావద్దు. ముందే ధర అడగండి.

ఇంకో చిన్న విషయం, మీరు రాయలేదు గానీ చాలామంది అడుగుతుంటారు. అక్కడ టీ పిడికెడంత గిన్నెలో, అదీ సగం కన్నా తక్కువ పోస్తారు. పొదుపు చేస్తున్నారేమో అనుకుంటాం మనం. నిజానికి గిన్నె నిండా పోస్తే 'తాగేసి బయల్దేరు' అన్నట్టు. కొంచెం కొంచెంగా పోస్తే పదేపదే లేచి మీకు వడ్డించడానికి వాళ్లకి వీలుంటుంది. పోసేముందు మూడుసార్లు గిన్నెలోకి వంచి మళ్లీ కెటిల్‌లోకి తిప్పిపోయడం కూడా చూసే ఉంటారు, టీ బాగా దిగడానికి. రొట్టెని కత్తితో కోయరు, చేత్తోనే విరుస్తారు, బోర్లా పెట్టరు. ఎవరింట్లోనైనా రొట్టె తిరగబడి ఉంటే మీరే సరిచేసి పెట్టండి, అది చూసి ఆ ఇంటావిడ మొహం ఎలా వెలుగుతుందో చూద్దురుగాని.

ఇప్పుడేం చెయ్యాలన్నారు. ఆ పిల్ల ఫోన్ నంబరు ఉందా? ఉజ్బెకిస్తాన్‌లో అందరూ టెలిగ్రామ్ వాడతారు, అందులో వెతకండి. మీవారు ఆరోగ్యంగా కూర్చుని అన్నం తింటున్న ఫోటో ఒకటి పంపండి, వాళ్లకి ముందు కావలసింది అదే, ఆ రోజు తర్వాత ఆ మనిషి ఏమయ్యాడో అని వాళ్లూ అనుకునే ఉంటారు. 'రహ్మత్' అంటే థాంక్స్, మీవారి గొంతుతో ఆ ఒక్క మాట రికార్డు చేసి పంపండి. బహుమతి పంపాలనిపిస్తే మన ఒడిశా ఇకత్ కండువా పంపండి. వాళ్లదీ ఇకతే, నూలుకి ముందే ముళ్లు కట్టి రంగులద్దే ఆ పనిని 'అబ్ర్‌బందీ' అంటారు, అబ్ర్ అంటే మబ్బు. మన ఒడియా నేతగాళ్లు 'బాంధ' అంటారు. ఆ ముసలామె చేత్తో ఆ అంచు తడిమిన క్షణమే గుర్తుపడుతుంది, ఎక్కడో దూరంలో కూడా ఇలా ముళ్లు కట్టేవాళ్లున్నారని. బరంపురం పట్టు ఇంకా ఖరీదు గానీ, మొదటిసారికి కండువా చాలు. ఇక ఓపికా డబ్బూ ఉంటే, మళ్లీ వెళ్లడం కన్నా మంచి జవాబు ఆ రొట్టెకి లేదు.

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మస్కట్‌లో ఉద్యోగం. పక్క వీధి ఒమానీ పెద్దాయన పండక్కి ఇంటికి పిలిచారు. చిన్న కప్పులో కాఫీ ఇచ్చారు, తాగి కప్పు చాపితే మళ్లీ పోశారు, ఏడుసార్లు అలాగే. వద్దంటే తప్పనుకుంటారని తాగేశాను. రాత్రంతా నిద్ర లేదు. ఎలా ఆపాలి?

జవాబు: తమ్ముడూ, ఖాళీ కప్పు ఊరికే చాపితే ఇంకా కావాలనే అర్థం. చాలు అనుకున్నప్పుడు కప్పుని వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ రెండుసార్లు చిన్నగా ఊపి ఇవ్వండి, వెంటనే తీసేసుకుంటారు, నోరు తెరవక్కర్లేదు. ఒకటి తాగి ఆపినా ఎవరూ ఏమీ అనుకోరు, అసలు తాగకపోతేనే నొచ్చుకుంటారు. తీసుకోవడం, ఇవ్వడం కుడిచేత్తోనే. పక్కన ఖర్జూరాలు పెడతారు, అవి తింటూ తాగితే ఆ చేదు తెలియదు. అడక్కుండా ఇంటికి పిలిచిన పెద్దాయన కాబట్టి, సెలవుకి వచ్చినప్పుడు అమ్మచేత అప్పడాలు పెట్టించుకుని వెళ్లండి.

ప్రశ్న: మేడమ్, నాకు 24 ఏళ్లు, రాయగడలో బ్యాంకు ఉద్యోగం. ఒక్కదాన్నే థాయ్‌లాండ్, తర్వాత శ్రీలంక వెళ్లాలనుకుంటున్నాను. ఎవరు పిలిచినా వెళ్లకు, అందరూ మోసగాళ్లే అంటుంది అమ్మ. మంచివాళ్లెవరో మోసగాళ్లెవరో ఎలా తెలుస్తుంది?

జవాబు: అమ్మ టెన్షన్ పడటంలో తప్పు లేదమ్మా, మోసాలు ఉన్నాయి, వాటి తీరు తెలిస్తే సగం భయం పోతుంది. బ్యాంకాక్‌లో రాజభవనం దగ్గర ఒకరు మర్యాదగా పలకరించి 'ఈ రోజు లోపలికి వెళ్లనివ్వరు, సెలవు' అంటారు, తక్కువ డబ్బుకి టుక్‌టుక్ ఎక్కిస్తారు, అది చివరికి రత్నాల షాపు ముందు ఆగుతుంది. బీజింగ్, షాంఘైలలో ఇంగ్లీషు ప్రాక్టీసు చేస్తామంటూ వచ్చిన కుర్రవాళ్లు టీ తాగుదాం రమ్మని తీసుకెళ్తారు, బిల్లు వేలల్లో వస్తుంది. రెండింట్లోనూ ఉన్నది ఒకటే. వాళ్లే వెతుక్కుంటూ వచ్చారు, పేరున్న టూరిస్టు చోటులోనే వచ్చారు, చివరికి తీసుకెళ్లింది ఒక దుకాణానికి, ఇంటికి కాదు. నిజంగా ఆదరించేవాళ్లు చాలావరకు తమ పనిలో తాము ఉంటారు, అవసరం మనకే పడుతుంది, దారి అడిగేది మనమే. వాళ్లకి తొందర ఉండదు. ఆడవాళ్లు, పిల్లలు ఉన్న ఇల్లయి, తలుపు తెరిచే ఉంటే వెళ్లు. ఒంటరి మగవాడు పిలిస్తే, ఎంత మంచివాడిలా కనిపించినా, వద్దు. ఎక్కడికి వెళ్లినా ఫోన్‌లో లైవ్ లొకేషన్ అమ్మకి పంపు, పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వకు, సీలు తీసిన సీసాలో ఏదీ తాగకు. లోపల ఏ మూలైనా అనుమానం వస్తే మర్యాద చూసుకోకుండా లేచి వచ్చెయ్యి. తర్వాత వాళ్లు మంచివాళ్లని తెలిసినా ఫరవాలేదు, మంచివాళ్లు అర్థం చేసుకుంటారు.

శ్రీలంక మాట ఎత్తావు కాబట్టి నా సంగతి ఒకటి చెప్తాను. వైశాఖ పౌర్ణమికి అక్కడ వేసక్ పండగ. మేం ఎక్కిన వ్యాన్‌ని కొందరు కుర్రవాళ్లు రోడ్డుకి అడ్డం నిలబడి జెండాలూపుతూ ఆపారు. మన వైపు దసరా ముందు తాడు కట్టి చందా అడుగుతారు కదా, అదే అనుకుని నేను పర్సులో చెయ్యి పెట్టాను. డ్రైవరు నవ్వి 'దిగండమ్మా, అన్నం' అన్నాడు. దాన్ని దన్సల అంటారు, దానశాల అన్నమాట. ఊరివాళ్లందరూ డబ్బులు వేసుకుని పందిరి వేసి, దారిన పోయే ప్రతివాళ్లకీ అన్నమో, ఉడికించిన కర్రపెండలమో, ఐస్‌క్రీమో, షర్బతో ఇస్తారు. నువ్వెవరు, ఏ మతం, ఏ దేశం, ఒక్క ప్రశ్న లేదు. ఒక ముసలాయన నేను తినే దాకా పక్కనే నిలబడి విసనకర్రతో విసిరాడు. రోడ్డుకి అడ్డం నిలబడిన మనిషి ఇవ్వడానికి కూడా ఆపవచ్చని ఆ రోజు దాకా నాకు తోచనే లేదు. నీ ప్రయాణం మే నెలలో పెట్టుకోవడం కుదిరితే ఆ పౌర్ణమి చూసుకుని వెళ్లు తల్లీ. అమ్మని కూడా తీసుకెళ్లగలిగితే ఇంకా మంచిది.

ప్రశ్న: మాది చంద్రపూర్ జిల్లా బల్లార్షా. నేనూ నా భార్యా సమర్‌కంద్ వెళ్తున్నాం. నేను గొడ్డుమాంసం తినను, ఆమె అసలు మాంసమే ముట్టదు. ఎవరైనా ప్రేమగా ఇంటికి పిలిచి అదే పెడితే ఏం చెయ్యాలి?

జవాబు: పళ్లెం ముందుకొచ్చాక చెప్పకండి, గుమ్మంలోనే చెప్పండి. 'మెన్ గోష్ట్ యెమైమన్', నేను మాంసం తినను అని. గోష్ట్ అన్న మాట మీకు బల్లార్షాలోనే అలవాటు కాబట్టి మర్చిపోరు. ఇంటికి అతిథి వస్తే వాళ్లు ముఖ్యంగా చేసేది పలావు, దాన్ని 'ఓష్' అంటారు, మాంసం, క్యారెట్, బియ్యం ఒకే బాణలిలో ఉడుకుతాయి. పైనున్న ముక్కలు తీసేసి అన్నం తింటానంటే కుదరదు, ఆ కొవ్వు అన్నానికంతా పట్టి ఉంటుంది, మీ ఆవిడకి అది ఇబ్బంది. అబద్ధాలు, అలర్జీ కథలు వద్దండీ, మా ఇంటి ఆచారం అని చెప్పండి, ఆచారాన్ని వాళ్లు మనకన్నా ఎక్కువ గౌరవిస్తారు. రొట్టె, పెరుగు, టమాటా ఉల్లిపాయల సలాడ్, పళ్లు, బాదం, కిస్మిస్, వీటితోనే ఆ బల్ల నిండిపోతుంది. కొవ్వు కలపని గుమ్మడికాయ సంసా, అంటే వాళ్ల సమోసా, దొరికితే మీ ఆవిడ అదృష్టం. పెట్టిన రొట్టె తృప్తిగా, ఇంకోటి అడిగి మరీ తినండి, అప్పుడు మాంసం తినలేదన్న లోటు ఆ ఇంటివాళ్లకి మిగలదు.

ప్రశ్న: అమ్మా, మాది గోపాల్‌పూర్ రోడ్డు మీద ఒక పల్లె. మా తాతగారు కుర్రతనంలో ఓడెక్కి రంగూన్ వెళ్లి రేవులో మూటలు మోశారు. యుద్ధం వచ్చినప్పుడు నడిచి వచ్చేశారు. దారిలో జ్వరంతో పడిపోతే ఒక బర్మా ఆవిడ తన ఇంటి కింద నీడలో పడుకోబెట్టి ఇరవై రోజులు గంజి పోసిందట. ఊరి పేరు ఆయనకే తెలియదు. పోయేదాకా ఆవిడని 'రంగూన్ అమ్మ' అనే తలుచుకున్నారు. నాకిప్పుడు యాభై దాటాయి. ఆ రుణం తీర్చకుండా పోతానేమోనని ఉంది. ఎక్కడ వెతకాలి?

జవాబు: మీరు పుట్టిన ఊరి తీరంలోనే ఆ కథ మొదలైంది. గోపాల్‌పూర్ బీచ్‌లో పాత రేవు తాలూకు శిథిలాలు మీరు ఎన్నిసార్లు చూసి ఉంటారో. ఒకప్పుడు మన గంజాం వాళ్లూ, కిందికి వైజాగ్, కాకినాడ వాళ్లూ రంగూన్ ఓడలు ఎక్కేవాళ్లు, అక్కడ తెలుగు కూలీలని 'కోరంగీలు' అనేవారు. ఇంట్లో రంగూన్ కథ లేని వీధి ఈ వైపు తక్కువ.

ఆవిడ చేసిన పని ఎంత పెద్దదో తెలియాలంటే అప్పటి కాలం తెలియాలి. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల సమ్మె జరిగి, వాళ్ల స్థానంలో బర్మా కూలీలని పెట్టుకుని, సమ్మె అయ్యాక తీసేయడంతో పెద్ద అల్లర్లు చెలరేగాయి, మనవాళ్లు ఎంతోమంది చనిపోయారు. 1938లో మళ్లీ భారతీయుల మీద దాడులు జరిగాయి. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు రంగూన్ మీద బాంబులు వేశాయి, 1942 మార్చి 8కల్లా ఊరు వాళ్ల చేతికి వెళ్లిపోయింది. లక్షల మంది భారతీయులు కొందరు అరకాన్ కొండల మీదుగా, కొందరు చింద్విన్ నది దాటి మణిపూర్ వైపు నడిచారు. కలరా, మలేరియా, ఆకలి. దారిలో దోపిడీలూ జరిగాయి. రెండు జాతుల మధ్య అంత పగ నడుస్తున్న రోజుల్లో, కోరంగీ కూలీ ఒకడు జ్వరంతో గుమ్మంలో పడి ఉంటే, ఊరివాళ్లు ఏమంటారో అనుకోకుండా ఆవిడ గంజి కాచింది. ఒక రోజు కాదు, ఇరవై రోజులు. తన ఇంట్లో బియ్యం ఎన్ని ఉన్నాయో మనకి తెలియదు.

వెతకడానికి వెళ్లవద్దు అని గట్టిగా చెప్తున్నాను. 2021 ఫిబ్రవరిలో సైన్యం అధికారం లాక్కున్నప్పటి నుంచి అక్కడ యుద్ధం నడుస్తోంది, తాతగారు నడిచిన కొండదారులు ఇప్పుడు ప్రయాణానికి పనికిరావు. పేరు తెలియని ఊళ్లో, పేరు తెలియని ఇంటిని కాగితాల్లో కూడా పట్టుకోలేం.

కానీ మీకొక సంగతి చెప్తాను. బర్మాలో దారి పక్కన, చెట్ల కింద, చిన్న కప్పు వేసి మట్టికుండల్లో నీళ్లు పెట్టి ఉంచుతారు, దారిన పోయేవాళ్లు తాగడానికి. అచ్చం మన చలివేంద్రమే. వాళ్ల కొత్త సంవత్సరం ఏప్రిల్ మధ్యలో వస్తుంది, ఆ రోజుల్లో పందిళ్లు వేసి వచ్చేపోయేవాళ్లకి ఉచితంగా తినుబండారాలు పంచుతారు, ముఖ్యంగా బియ్యప్పిండి ఉండలో తాటిబెల్లం పెట్టి నీళ్లలో ఉడికించి పైన కొబ్బరి కోరు చల్లి ఇస్తారు. సరిగ్గా ఆ రోజుల్లోనే మన దగ్గర పణా సంక్రాంతి, ఒడియా కొత్త సంవత్సరం. తులసికోట మీద చిల్లు కుండ వేలాడదీస్తాం, మారేడు గుజ్జుతో పానకం చేసి వీధిలో పంచుతాం. మీ తాతగారు ఆ రెండు ఏప్రిళ్లూ చూసిన మనిషి.

మీ పల్లె రోడ్డు మీదే ఉందన్నారు. వచ్చే పణా సంక్రాంతికి మీ గుమ్మం ముందు రెండు పెద్ద కుండలు పెట్టండి, ఒకదాంట్లో నీళ్లు, ఒకదాంట్లో మారేడు పానకం. వర్షాలు పడేదాకా నీళ్ల కుండ తియ్యకండి. బెల్లం ఉండలు మీ కోడళ్ల చేత చేయించండి, మన పూర్ణాల చెయ్యి తెలిసినవాళ్లకి అవి కష్టం కాదు. ఆ రోడ్డు మీద సూరత్ మిల్లుల నుంచి సెలవుకి వచ్చే మన కుర్రవాళ్లు దిగుతుంటారు, రెండు రాత్రుల రైలు ప్రయాణం చేసి, ఒళ్లంతా అలిసిపోయి. ముందు వాళ్లకి ఇవ్వండి. ఎవరి పేరు మీద పెట్టారని అడుగుతారు, మనవాళ్లు తప్పకుండా అడుగుతారు. తాతగారి పేరు కాదు, రంగూన్ అమ్మ పేరు చెప్పండి, కథంతా చెప్పండి, కూర్చోబెట్టి చెప్పండి. ఆ వారంలో నేను గోపాల్‌పూర్ వైపు వస్తాను, నాకూ ఒక గ్లాసు పానకం ఉంచండి.